బూజుకు జబ్బు చేస్తే

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం, పద్యాలు, పిల్లల పాటలు వినవలసిన పండుగ సభలో బూజును గురించి మాట్లాడతామని మేము చెప్పినప్పుడు కార్యదర్శిగారు కొంచెం సందేహించారు. "విషయం మరీ పొడిగా ఉంటుందేమోనండీ" అన్నారు. "బూజు గదండీ, తడిగానే ఉంటుంది" అని మేము సర్దిచెప్పాము. ఆయన నవ్వి అరగంట ఇచ్చారు. ఆ అరగంటలో ముగిస్తామని ముందే మాట ఇస్తున్నాము.

నిజానికి ఈ విషయం మేము ఎన్నుకున్నది కాదు. కిందటి ఏడు ఇవే రోజుల్లో మన సభ్యులొకరి ఇంట భోజనానికి వెళ్ళాము. ఆ ఇంటి మామ్మగారు ఆవకాయ జాడీకి కట్టిన వాసెన విప్పారు. పైన తెల్లగా బూజు. ఎవరో తడి గరిటె పెట్టారన్నమాట. ఏడాది పొడుగునా కాపాడుకున్న ఊరగాయ పాడైపోయిందని ఆమె నొచ్చుకున్నారు. పక్కన కూర్చున్న మనుమడు, ఎనిమిదేళ్ళవాడు, "మామ్మా, బూజు పట్టడమంటే ఆవకాయకు జబ్బు చేసినట్టే గదా, మరి బూజుకు జబ్బు చెయ్యదా?" అని అడిగాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. మామ్మగారు మాత్రం నవ్వలేదు. "వారినడుగు నాయనా, జీవితమంతా చెట్టూ చేమా పాఠాలు చెప్పినవారు" అని మమ్మల్ని చూపించారు.

"చేస్తుంది బాబూ, బూజుకూ జబ్బు చేస్తుంది" అని మాత్రం ఆ పూట చెప్పాము. విస్తరి ముందు అంతకంటె చెప్పడం బాగుండదు. మిగిలిన మాట ఈనాడు చెప్పబోతున్నాము. ఆ కుర్రవాడు ముందు వరసలోనే కూర్చున్నాడు.

ముందుగా బూజు అంటే ఏమిటో రెండు మాటలు. ఊరగాయ మీది బూజు, వానాకాలంలో పెంటదిబ్బ మీద లేచే పుట్టగొడుగు, కల్లును పులియబెట్టే ఈస్టు, వరిచేనును కాల్చినట్లు చేసే అగ్గి తెగులు, జొన్నకంకిలో నల్లని పొడి నింపే కాటుక తెగులు, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. శాస్త్రంలో వీటిని శిలీంధ్రాలు అంటారు. ఇవి మొక్కలు కావు, జంతువులూ కావు. మొక్కలాగా ఎండలో ఆహారం వండుకోలేవు, జంతువులాగా నోటితో తినలేవు. సన్నని పోగులుగా సాగి, తినదలచిన దానిలోకి చొరబడి, అక్కడనే దాన్ని కరిగించి పీల్చుకుంటాయి. మనకు పైన కనిపించే తెల్లని నూగు ఆ పోగుల గుంపే. ఈస్టు మాత్రం పోగులు కట్టదు, విడివిడి కణాలుగా బ్రతుకుతుంది.

ఈ పోగులకు ఒక విశేష గుణం ఉన్నది. ఒకే జాతికి చెందిన రెండు బూజులు ఎదురుపడితే పోగు పోగును తాకి, గోడలు కరిగి, లోపలి రసం కలిసిపోయి రెండూ ఒకటి కావచ్చు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా మనవి. కథ అంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

ఇక వైరస్ సంగతి. వైరస్ తనంతట తాను తినదు, పెరగదు, పిల్లలను కనదు. అది ఒక చిన్న జన్యుసూత్రం, చాలాసార్లు దాని చుట్టూ ఒక తొడుగు. ఇంకొకరి కణంలోకి చేరి, ఆ కణంలోని సరంజామాతోనే తన నకళ్ళు తీయించుకుంటుంది. మనకు తెలిసిన వైరసులన్నీ ఊళ్ళు తిరిగేవే. జలుబు తుమ్మునుంచి వస్తుంది, డెంగీ దోమనుంచి వస్తుంది. బూజు వైరసులలో చాలా భాగం అలా కాదు. అవి ఇల్లు కదలవు. ఒక బూజునుంచి ఇంకొక బూజుకు పోవడానికి వాటికున్న దారులు రెండే. ఒకటి, పోగులు కలిసినప్పుడు రసంతోపాటు ప్రవహించడం. రెండు, బూజు వదిలే సిద్ధబీజాలలో, అంటే దాని విత్తనాల వంటి పొడిలో, దాగి వెళ్ళడం. అందుచేత వీటిలో కొన్నిటికి తొడుగు కూడా లేదు. ఇల్లు దాటని వానికి గొడుగెందుకు?

ఈ వైరసులు ఉన్నవని లోకానికి తెలిసి ఎక్కువ కాలం కాలేదు. 1948లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లా ఫ్రాన్స్ సోదరుల పుట్టగొడుగుల తోటలో వింత జబ్బు కనిపించింది. కాడలు సన్నగా సాగిపోయేవి, గొడుగులు చిన్నవై వేళకు ముందే విచ్చుకునేవి, మళ్ళలో చోటు చోటున ఏమీ మొలవక బోసిగా ఉండేది. దిగుబడి పడిపోయింది. ఎరువు మార్చినా నీరు మార్చినా గుణం కనిపించలేదు. తరువాత ఇంగ్లండులోనూ అటువంటి జబ్బు వచ్చింది. 1962లో అక్కడి శాస్త్రజ్ఞుడు హోలింగ్స్ జబ్బుపడిన పుట్టగొడుగుల రసాన్ని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూసి వైరస్ కణాలను గుర్తించారు. శిలీంధ్రాలకు వైరసులు సోకుతాయని గట్టిగా తెలిసింది అప్పుడే. పెంపకందార్లు మందు వెదకడం మాని శుభ్రత పట్టుకున్నారు. గొడుగు విచ్చి బీజాల పొడి రాలకముందే కోయడం, మళ్ళను ఆవిరితో శుద్ధి చేసి పాత పోగు ఒక్కటీ మిగలకుండా చూడడం మొదలుపెట్టారు. వైరస్‌కున్న దారులు రెండే గనుక ఆ రెండూ మూశారు.

ఇక్కడితో ఆగితే కథ చాలా తేలిక. వైరస్ చెడ్డది, పుట్టగొడుగు మంచిది, వైరస్‌ను వెళ్ళగొట్టాలి. కాని రోగం పట్టింది మంచి పుట్టగొడుగుకు కాక, చెట్లను చంపే బూజుకు అయితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఒక అడవి చచ్చిన తరువాత దొరికింది. ఆ కథ చెప్పడానికే ఈనాడు ముఖ్యంగా నిలబడ్డాము.

అమెరికా తూర్పు కొండలలో చెస్ట్‌నట్ అనే మహావృక్షం ఉండేది. ముళ్ళ డొప్పలో నిగనిగలాడే గోధుమరంగు గింజలు కాస్తుంది. కాల్చి తింటే మన పనసగింజలాగా పిండిగా, తియ్యగా ఉంటాయి. కొండజాతి రైతులకు అది కల్పవృక్షమే. గింజలు మనుషులు తినేవారు, అమ్ముకునేవారు, పందులకు మేపేవారు. కలప తేలికగా చివకదు గనుక ఇళ్ళకు, దడులకు, రైలు పట్టాల కింద దుంగలకు అదే. బెరడులోని వగరు తోళ్ళు ఊనడానికి పనికివచ్చేది. ఊయల చేసినా శవపేటిక చేసినా ఆ కర్రతోనే చేసేవారు.

1904లో న్యూయార్కు నగరపు జంతుప్రదర్శనశాలలో హెర్మన్ మెర్కెల్ అనే ఉద్యోగి ఆ చెట్లు ఎండిపోవడం గమనించారు. బెరడు పగిలి, పుండ్లు పడి, వాటిమీద నారింజరంగు పొక్కులు లేచేవి. పుండు కొమ్మ చుట్టూ తిరిగివస్తే పైభాగమంతా ఎండిపోయేది. క్రైఫోనెక్ట్రియా పారాసిటికా అనే శిలీంధ్రం దీనికి కారణం. తూర్పు ఆసియా నుంచి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కలతోపాటు అది ఓడెక్కి వచ్చింది. ఆసియా చెట్లు దానితో అనాదిగా కాపురం చేసి తట్టుకోవడం నేర్చుకున్నవి. అమెరికా చెట్టు దాని ముఖం ఎన్నడూ చూసి ఎరగదు.

పెన్సిల్వేనియా రాష్ట్రం 1911లో ఒక ప్రత్యేక సంఘం వేసింది. జబ్బు చెట్లను నరికించారు, తగులబెట్టించారు. గాలిలో పోయే పొడిని, పక్షి కాలికి అంటుకుని పోయే జిగురును ఎవరు ఆపగలరు? 1913లో ఆ ప్రయత్నమే మానుకున్నారు. 1950 నాటికి ఆ అడవులలో 350 నుంచి 400 కోట్ల చెట్లు పోయినవని లెక్క. విచిత్రమేమంటే, ఆ బూజు మట్టిలో ఉన్న వేరును చంపలేదు. ఈనాటికీ పాత మోళ్ళనుంచి పిలకలు లేస్తాయి, మనిషెత్తు పెరుగుతాయి, బెరడు పగిలే వయసు రాగానే బూజు పట్టి చస్తాయి. మళ్ళీ పిలకలు లేస్తాయి. చెట్టు ఉన్నదనాలో లేదనాలో తెలియని స్థితి అది.

ఆ బూజు యూరపులోనూ అడుగుపెట్టింది. 1938లో ఇటలీలోని జెనోవా దగ్గర కనిపించింది. అక్కడి కొండ ప్రజలకు చెస్ట్‌నట్ గింజల పిండి తరతరాల తిండి. అమెరికాలో జరిగింది వినివున్నారు గనుక అడవి మీద ఆశ వదులుకున్నారు. కాని 1950ల మొదట్లో ఆంటోనియో బిరాగి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు చావవలసిన చెట్లు కొన్ని చావకపోవడం చూశారు. పుండ్లు ఉన్నవి, కాని లోతుకు పోలేదు. అంచులు ఉబ్బి, కొత్త బెరడు పేరుకుని, గాయం మానుతున్నది. చెట్టుకు బలం వచ్చిందా అంటే అదీ కాదు. అవే చెట్లకు వేరేచోటి బూజు అంటిస్తే మామూలుగానే చచ్చేవి. మరి మారింది ఏమిటి?

ఫ్రాన్సు దేశస్థుడు జాన్ గ్రాంట్ ఆ మానుతున్న పుండ్లలోని బూజును తీసి పెంచి చూశారు. అది నారింజరంగు రాదు, తెల్లగా ఉంటుంది. సిద్ధబీజాలు తక్కువ. చెట్టుమీద పెడితే చిన్న గాయం చేసి ఊరుకుంటుంది. ఈ తెల్లదాన్ని తీసుకుపోయి నారింజరంగు బూజు పక్కన పెట్టగా, పోగులు కలిసిన కొన్నాళ్ళకు ఆ నారింజరంగుదీ తెల్లబడి నీరసించింది. 1965లో ఆయన దీనికి తీవ్రత తగ్గడం అనే అర్థంలో హైపోవైరులెన్స్ అని పేరు పెట్టారు. ఏదో ఒకటి రసంలో ప్రవహించి పోతున్నది, అది జబ్బు వంటిది అన్నారు. అది ఏమిటో ఆయన కాలానికి తేలలేదు.

1970లలో అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రంవారు ఆ ఫ్రెంచి బూజును తెప్పించి పరీక్షించారు. 1977లో దానిలో జంటపోగు ఆర్.ఎన్.ఏ. ఉన్నదని, మామూలు బూజులో అది లేదని చూపించారు. అది వైరస్ జాడ. ఆ వైరస్‌కు తొడుగు లేదు, కణంలోని పొర సంచుల మధ్య దాగి ఉంటుంది. 1992లో గిల్ చోయ్, డొనాల్డ్ నస్ అనే ఇద్దరు దాని జన్యుసూత్రానికి నకలు చేసి, ఆరోగ్యంగా ఉన్న బూజులోకి చేర్చారు. ఆ బూజు నీరసించింది. ఇక సందేహం లేదు, కారణం ఆ వైరసే.

ఇది ఎలా పనిచేస్తుందో గమనించండి. వైరస్ బూజును చంపదు. చంపితే తనకు ఇల్లు ఉండదు. బూజు లోపల ఒక కణం మరొక కణానికి పంపే సంకేతాలను తారుమారు చేస్తుంది. రంగు తగ్గుతుంది, బీజాలు తగ్గుతాయి, బెరడును ఛేదించే ఉగ్రత తగ్గుతుంది. బూజు బ్రతికే ఉంటుంది, చెట్టూ బ్రతికే ఉంటుంది. బూజు కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. వైరస్ జన్యుసూత్రాన్ని గుర్తించి ముక్కలు చేసే కత్తెర వంటి ఏర్పాటు దానికి ఉన్నది. వైరస్ ఆ కత్తెరను మొద్దుబార్చే పదార్థాన్ని తయారుచేసుకున్నది. ఆవకాయ జాడీ అంత చోటు కూడా అక్కరలేని ఈ యుద్ధం మీద ఒక అడవి ప్రాణం వేళ్ళాడుతున్నది.

ఫ్రాన్సులో వెంటనే దీన్ని వైద్యంగా మార్చారు. చెట్టు మీది పుండు చుట్టూ చిన్న రంధ్రాలు వేసి, వైరస్ సోకిన తెల్లబూజును ముద్దగా చేసి వాటిలో కూరేవారు. లోపల పోగులు కలిసేవి, వైరస్ పాకేది, పుండు మానేది. తరువాత అది తనంతట తాను పక్క చెట్లకూ వ్యాపించేది. యూరపులో ఈ వైద్యం ఈనాటికీ ఉన్నది. ఇటలీ, ఫ్రాన్సు, స్విట్జర్లాండు కొండలలో చెస్ట్‌నట్ అడవులు నిలిచి ఉండడానికి మనిషి కంటె ముందు ఆ వైరసే కారణం.

అయితే అమెరికాలోనూ ఇలాగే చేసి ఉండవచ్చు గదా అని మీరు అడుగుతారు. చేశారు. ఏళ్ళ తరబడి చేశారు. ముద్ద కూరిన పుండు చాలాచోట్ల మానింది. కాని పక్క పుండుకు పాకలేదు. ఎందువల్ల?

పోగులు కలిస్తేనే వైరస్ ప్రవహిస్తుందని మొదట చెప్పాము. అయితే ప్రతి పోగూ ప్రతి పోగుతోనూ కలవదు. ఒకే జాతి బూజులో కూడా గోత్రాల వంటి తెగలు ఉన్నవి. ఆరేడు జన్యువులు ఈ తెగను నిర్ణయిస్తాయి. ఒకే తెగవి ఎదురుపడితే కలుస్తాయి. వేరు తెగవి తాకితే, తాకినచోట కణాలు తమంతట తామే చచ్చి మధ్యన గోడ కట్టినట్లు అవుతుంది. వైరస్ అక్కడ ఆగిపోతుంది. వైరసులనుంచి కాపాడుకోవడానికి ఈ కట్టుబాటు బూజుకు ఉపయోగపడుతుంది. యూరపులో చాలాచోట్ల ఈ తెగలు కొద్ది. ఒక కొండ మీద ఒకటి రెండు తెగలదే పెత్తనం. అమెరికా అడవులలో తెగలు అనేకం. ఒక చెట్టు మీదనే రెండు మూడు ఉండవచ్చు.

దీనికి తోడు మరొక చిక్కు. బూజుకు పెండ్లి లేకుండా పుట్టే బీజాలున్నవి, రెండు తెగలు జతకూడి పుట్టే బీజాలున్నవి. మొదటి రకంలో వైరస్ వెళుతుంది. రెండవ రకంలో వెళ్ళదు. గాలిలో దూరం పోయేవి ఈ రెండవ రకంవే. అంటే ఆరోగ్యమైన బూజు గాలి మీద ఎగిరిపోతుంటే, జబ్బు బూజు వానచినుకు తుంపరతోను, పురుగు కాలితోను మెల్లగా నడుస్తుంది. అమెరికాలో ఈ పందెం జబ్బు బూజు ఓడిపోయింది.

శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. 2016లో డొనాల్డ్ నస్, ఆయన సహచరుడు జాంగ్ తెగను నిర్ణయించే జన్యువులను కొన్నిటిని తొలగించి, ఏ తెగతోనైనా కలవగల బూజును తయారుచేసి ప్రకటించారు. దానిలో వైరస్‌ను ఉంచి తెగల గోడలు దాటించవచ్చునని చూపించారు. తరువాత అడవి చెట్ల మీద కూడా పరీక్ష చేశారు. పోయిన 400 కోట్ల చెట్లు ఇంతమాత్రంతో తిరిగివస్తాయని ఎవరూ అనడం లేదు. ఒక దారి తెరుచుకున్నది, అంతే.

ఇంతవరకు వైరస్ బూజుకు చేటు చేసిన సంగతులే చెప్పాము. ఎప్పుడూ అలాగే జరుగుతుందనుకుంటే పొరపాటు. పిండివంటల ఇంట్లో చెప్పవలసిన కథ ఒకటున్నది. 1963లో బెవన్, మాకోవర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈస్టులో కొన్ని రకాలు పక్క ఈస్టులను చంపుతున్నవని కనిపెట్టారు. వాటిలో రెండు వైరస్ వంటి జన్యుసూత్రాలు కాపురం ఉంటాయి. ఒకటి తొడుగును, నకలు తీసే సరంజామాను ఇస్తుంది. రెండవది విషం తయారుచేయిస్తుంది. ఆ విషం బయటకు పోయి పక్క ఈస్టు పొరకు చిల్లులు పెడుతుంది. విషం చేసే ఈస్టుకు మాత్రం ఆ విషం అంటదు, ఎందుకంటే విరుగుడూ ఆ వైరసే ఇస్తుంది. ఈస్టుకు ఇది ఆయుధం. కాని ఏ కారణంచేతనైనా వైరస్ జారిపోతే ఆ ఈస్టు తన అన్నదమ్ముల విషానికే బలి అవుతుంది. ఒకసారి ఇంట పెట్టుకుంటే మరి పంపివేయడానికి లేదన్నమాట.

ఇంతకంటె ఆశ్చర్యమైనది అమెరికాలోని ఎల్లోస్టోన్ అనే చోట ఉన్నది. అక్కడ భూమిలోనుంచి వేడినీళ్ళు ఉబుకుతుంటాయి. కాలు మోపలేని ఆ నేలమీద ఒక రకం గడ్డి పచ్చగా పెరుగుతుంది. గడ్డి లోపల ఒక శిలీంధ్రం ఉన్నదని, దానివల్ల గడ్డికి వేడి తట్టుకునే శక్తి వచ్చిందని ముందుగా తెలిసింది. 2007లో మార్కెజ్, రూసింక్, వారి సహచరులు ఇంకొక మెట్టు దిగారు. ఆ శిలీంధ్రం లోపల ఒక వైరస్ ఉన్నది. వైరస్‌ను తొలగిస్తే శిలీంధ్రం ఉన్నా గడ్డి వేడికి మాడిపోయింది. వైరస్‌ను తిరిగి చేరిస్తే 65 డిగ్రీల సెంటిగ్రేడు నేలలో కూడా నిలిచింది. గడ్డి, బూజు, వైరస్ ముగ్గురూ కలిస్తేనే ఆ కాపురం. ఒక్కరు పోయినా ముగ్గురికీ అక్కడ చోటు లేదు.

మరొకవైపు, వైరస్ సోకడంవల్ల బూజు మరింత క్రూరమైన సందర్భాలూ ఉన్నవి. ఆగ్నేయాసియాలో మనుషులకు జబ్బు తెచ్చే టలరోమైసిస్ మార్నెఫీ అనే బూజుకు ఒక వైరస్ సోకితే ఎలుకలలో దాని ఉగ్రత పెరిగింది. ఇవిగాక, చాలా బూజులలో వైరస్ ఉన్నా పైకి ఏ మార్పూ కనిపించదు. ఇంటి అరుగు మీద ఎవరో కూర్చున్నట్టు, తమ పాటికి తాము ఉంటాయి. కనుక బూజు వైరస్ మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్కమాటలో జవాబు లేదు. అది ఏ ఇంట ఉన్నది, ఆ ఇల్లు ఎవరి మీద బ్రతుకుతున్నది అని చూసి చెప్పాలి.

ఇవన్నీ దూరదేశాల కథలు, ఈ గంజాం సీమలో మనకేమి అని తల్లులు అనుకోవచ్చు. మనది వరి తినే దేశం. మన ఇళ్ళలో చాలామంది తండ్రులు తాతలు దుక్కిపట్టినవారే. వరికి అగ్గి తెగులు వస్తే రాత్రికి రాత్రి చేను నిప్పంటుకున్నట్లు అవుతుందని చిన్నప్పుడు మేమూ చూశాము. మా తండ్రిగారు గట్టు మీద కూర్చుని ఒక్కమాటా మాట్లాడకపోవడం ఇంకా జ్ఞాపకం ఉన్నది. 1942లో వంగదేశంలో వరికి మరొక శిలీంధ్రంవల్ల గోధుమరంగు మచ్చ తెగులు విపరీతంగా వచ్చింది. 1943 నాటి మహాక్షామానికి యుద్ధం, ధరలు, పాలకుల తీరు కారణాలని చరిత్రకారులు చెబుతారు. ఈ తెగులు పాత్రను కూడా మరువరాదని కటకం వరి పరిశోధన సంస్థకు చెందిన పద్మనాభన్‌గారు 1973లో వ్రాశారు. బూజు సంగతి అన్నం సంగతే.

అగ్గి తెగులు శిలీంధ్రంలో కూడా వైరసులున్నవి. 2010లో జపాను శాస్త్రజ్ఞులు వియత్నాంనుంచి వచ్చిన అగ్గి తెగులు బూజులో ఒక వైరస్‌ను వర్ణించి, దానివల్ల బూజు పెరుగుదల కుంటుపడుతుందని చూపించారు. అదే సంవత్సరం చైనాలో, ఆవ జాతి పైర్లను కుళ్ళబెట్టే స్క్లెరోటీనియా అనే బూజులో మరొక వైరస్ దొరికింది. ఇది ఇల్లు కదలని రకం కాదు. దీని కణాలను నీటిలో కలిపి ఆకుమీద చల్లితే తనంతట తానే బూజులోకి ప్రవేశిస్తుంది. 2020లో ఇంకా చిత్రమైనది బయటపడింది. ఈ వైరస్ సోకిన బూజు మొక్కను కుళ్ళబెట్టడం మాని, మొక్క లోపల నెమ్మదిగా కాపురం ఉండి, మొక్కకు మేలుచేసేదిగా మారుతున్నది. దొంగ కాపలాదారు అయినట్లు.

అందువల్ల రేపటినుంచి మందుల డబ్బాలు అవతల పారేయమని మేము చెప్పడం లేదు. ప్రయోగశాలలో గెలిచినది పొలంలో గెలవాలంటే తెగల గోడలున్నవి, వానలున్నవి, ఎండలున్నవి. అమెరికా అడవి ఈ పాఠం గట్టిగా చెప్పింది. కాని తెగులుకు ఎదురుగా మనకున్నది విషం ఒక్కటే కాదు అని తెలియడం చిన్న సంగతి కాదు. శత్రువును చంపకుండా శాంతపరచి పంటను కాపాడుకునే దారి ప్రకృతిలోనే ఉన్నది. దాన్ని వెదకడానికి మన పిల్లలు కొందరైనా పూనుకోవాలని మా కోరిక. ఇంజనీరింగు చదువు ఒక్కటే చదువు కాదని తల్లిదండ్రులకు సవినయంగా మనవి చేస్తున్నాము.

చివరగా ఒక్కమాట. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మనలో కొందరు ఉన్నచోటనే ఉండగా ఎల్ల మన మీదుగా నడిచిపోయింది. మరికొందరు తరువాత ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చి స్థిరపడ్డారు. మన భాషకు ఇక్కడ బడి తక్కువ, బజారు తక్కువ. ఈ వైరసుకు మల్లే దానికీ ఉన్నవి రెండే దారులు. తల్లినుంచి బిడ్డకు పోవడం ఒకటి. ఇల్లూ ఇల్లూ కలిసినప్పుడు పారడం రెండు. భాషను జబ్బుతో పోల్చినందుకు పెద్దలు క్షమించాలి. మేలుచేసే వైరసులూ ఉన్నవని చెప్పే ఈ ధైర్యం చేశాము. ఈ ఊళ్ళోనే మనకు ఎన్ని సంఘాలున్నవో, ఒకరి పండుగకు ఇంకొకరు వెళ్ళడం ఎంత అరుదో అధ్యక్షులవారికి తెలియనిది కాదు. తెగల గోడలు ఎక్కువైనచోట ఏది ఆగిపోయిందో ఇంతసేపు చెప్పాము. అంతకుమించి సాగదీయము.

ముందు వరసలోని చిరంజీవికి మా జవాబు ఇది. బూజుకూ జబ్బు చేస్తుంది నాయనా. ఒక్కొక్కప్పుడు దానివల్ల అడవి బ్రతుకుతుంది. ఒక్కొక్కప్పుడు బూజుకే బలం వస్తుంది. మీ మామ్మగారి ఆవకాయను మాత్రం ఏ వైరసూ కాపాడదు. దానికి పొడి గరిటె ఒక్కటే మందు.